రీలు మార్చేటప్పటి మాటలు

మన దేశంలో బైబిలు కథ సినిమా చూసి, ఆ చూసినప్పటి అనుభవాన్ని రాసిపెట్టినవాళ్లలో దాదాసాహెబ్ ఫాల్కేను ముందు చెప్పుకోవాలి. 1910 ప్రాంతంలో బొంబాయిలో ఆయన క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చిత్రం చూశారు. తెరమీద క్రీస్తు నడుస్తుంటే తన మనసులో కృష్ణుడూ రాముడూ గోకులమూ అయోధ్యా మెదిలాయని తర్వాత ఒక వ్యాసంలో రాసుకున్నారు. భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి చూశారు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. ఆ క్రీస్తు సినిమా బాగుందా, బాగాలేదా అన్నదాని మీద ఆయన పెద్దగా నిలవలేదు. మన దేవుళ్లను ఇలా ఎప్పుడు చూస్తామన్న ఆరాటం పట్టుకుంది ఆయన్ని. ఆ ఆరాటంలోంచే ఇంత పెద్ద పరిశ్రమ పుట్టింది.

చిన్నప్పటినుంచీ తెలిసిన కథను తెరమీద చూసి లేచినవాళ్ల నోట మొదట వచ్చే మాట ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. అందులో సినిమా గురించి కొంతే ఉంటుంది, చూసినవాళ్ల గురించి చాలా ఉంటుంది. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం వాళ్లకు లేదు గదా. సిలువ వేస్తారని తెలుసు, మూడోనాడు లేస్తాడని తెలుసు. అందుకని కన్ను ఇంకోదాన్ని వెతుకుతుంది. ఇన్నేళ్లుగా మనసులో కట్టుకున్న బొమ్మను తెరమీది బొమ్మ పక్కన పెట్టి చూసుకుంటుంది. రెండూ కలవని చోట నోరు ఊరుకోదు. సమీక్షల్లోకి ఎక్కని ఆ మాటలంటే నాకు చాలా గౌరవం. మా కొత్తపట్నంలో విన్నవి కొన్ని ఇప్పటికీ నన్ను వదల్లేదు. వేదాంత పుస్తకాల్లో కూడా నాకు అంత పదునైన ప్రశ్నలు దొరకలేదు.

కొత్తపట్నం ఒంగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు బకింగ్‌హాం కాలవ దాటాలి. ఆ కాలవకూ ఏసు కథకూ మా ప్రాంతంలో చుట్టరికం ఉంది. 1876–78 నాటి కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఈ కాలవ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. పని ఆపిన వేళల్లో బోధకులు వాళ్ల మధ్య కూర్చుని ఏసు సంగతులు చెప్పేవారు. కరువు తెరిపిన పడ్డాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అక్షరం ముక్క రానివాళ్లు.

వాళ్లకు ఆ కథ చెవిన పడిందేగాని కంట పడలేదు. నూరేళ్లపాటు పాటల్లో, బోధకుల గొంతుల్లో, తెల్లవారుజాము ప్రార్థనల్లో ఏసు మా పల్లెల్లో బతికాడు. కేలండరు బొమ్మలు తర్వాతెప్పుడో వచ్చాయి. అవి వచ్చినా, ఒక్కో ఇంట్లో ఆయనకు ఒక్కో ముఖం ఉండేదనే నా నమ్మకం. మా నాయనమ్మ మనసులో ఉన్న ఏసు నల్లగా ఉండేవాడు. చెప్పుల్లేకుండా నడిచేవాడు. ఆమె చెప్పే కథలో ఆయన దాహానికి మజ్జిగ కూడా తాగేవాడు.

ఆ బాప్తిస్మాలు జరిగి సరిగ్గా నూరేళ్లు నిండిన 1978లోనే ‘కరుణామయుడు’ విడుదలైంది. ఎ. భీంసింగ్ దర్శకత్వం మొదలుపెట్టిన సినిమా అది. విడుదల చూడకుండానే ఆ ఏడాది జనవరిలో ఆయన కన్నుమూశారు. ఏసుగా విజయచందర్ నటించారు. మాటలు మోదుకూరి జాన్సన్‌వి. గుంటూరు జిల్లా కొలకలూరు మనిషి, నాటకాల్లో ఆరితేరినవాడు, ఏ మాట ఎక్కడ వేస్తే హాలు చివరి బెంచీదాకా పోతుందో తెలిసినవాడు. సిలువ మోసే ఘట్టంలో ఆయన రాసి బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట తర్వాత తెలుగునేలంతా మోగింది. ఇప్పటికీ గుడ్ ఫ్రైడేనాడు మైకు కట్టిన ప్రతిచోటా అదే.

ఆ సినిమా ఒంగోలు వచ్చినప్పుడు మా ఊళ్లోంచి బస్సుల్లో, లారీల మీద జనం కదిలారు. పొగాకు గ్రేడింగ్ పనికి పోయే ఆడవాళ్లు ఆ రోజు కూలి మానుకున్నారు. సద్దిమూటలు కట్టుకొచ్చారు. ‘లవకుశ’కు కొబ్బరికాయ కొట్టిన ఊరు ఇది. సినిమాహాల్లోకి భక్తితో అడుగుపెట్టడం ఎవరికీ కొత్తగాదు. అయినా ఏసు కోసం అట్లా పోవడం మా వాళ్లకు అదే మొదలు. కొందరు చెప్పులు గుమ్మం బయటే విడిచారు.

తిరుగు బస్సులో విన్నమాటలు చెబుతాను. విజయచందర్ మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనవడని హాలుకాడే ఎవరో చెప్పారు. పంతులుగారు ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టినవారు. జిల్లాకు పెట్టింది ఆయన పేరే. ఇక బస్సులో కొంతసేపు అదే ముచ్చట. మనోడు గదా, మన జిల్లావాడు గదా అని ఒకటే సంబరం. అంతలో వెనక సీట్లోంచి ఒక పెద్దాయన, మాదిగపల్లెలో మేస్త్రీ, మెల్లగా అన్నాడు: “పంతులుగారి మనవడు మన సామిగా కొరడాదెబ్బలు తిన్నాడబ్బా. ఆ ఉమ్ములేయించుకున్నాడు. నేను చూస్తాననుకోలా.” ఆ మాటతో బస్సులో సందడి తగ్గిపోయింది. ఆయన నటన గురించి చెప్పడంలేదని అందరికీ తెలుసు. పెద్దకులంలో పుట్టిన ఒక మనిషి, తమవాళ్లు తిన్న దెబ్బల్ని, ఆటగానైనా, ఒంటిమీద పడనిచ్చాడన్నది ఆయన చూసిన సినిమా. తర్వాత 1983లో అదే విజయచందర్ ‘ఆంధ్రకేసరి’లో ప్రకాశంగారి వేషం కూడా వేశారు. అది చూసినప్పుడు నాకు ఆ మేస్త్రీ మాటే గుర్తొచ్చింది.

మా నాయనమ్మ ఆ బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా అమ్మ అడిగింది, “ఎట్టుందత్తా సినిమా?” అని. “సిలువ కాడ కళ్లు మూసుకున్నానే. తెరిస్తే ఆ అబ్బాయి కనపడతన్నాడు. మూస్తే మా అయ్య కనపడ్డాడు. పాటంతా మూసుకునే విన్నా,” అంది. అంతదూరం చూడ్డానికి పోయి చూడకుండా వచ్చిందని మా చిన్నాయనలు నవ్వారు. నాకు మాత్రం ఆమె ఆ సినిమాను ఎంత పూర్తిగా అందుకుందో పెద్దయ్యాక అర్థమైంది. చెవికి అలవాటైన దేవుణ్ణి కంటికి అప్పగించడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ సినిమాలో తనకు కావలసింది పాట అని, బొమ్మ అక్కరలేదని అక్కడికక్కడే తేల్చుకుంది.

‘కరుణామయుడు’ హిందీలో ‘దయాసాగర్’ అయింది. మరెన్నో భాషల్లోకి పోయింది. బళ్లమీద తెర, ప్రొజెక్టరు వేసుకుని ఊరూరా తిప్పారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఫ్రీసెన్ అనే ఆయన ఈ ఒక్క సినిమా మీద, దాన్ని జనం ఎట్లా చూశారన్నదాని మీద పెద్ద పరిశోధనే చేశాడు.

ఇక రెండో సినిమా. 1979లో అమెరికాలో విడుదలైన ‘జీసస్’. లూకా సువార్త ఆధారంగా, ఇజ్రాయెల్లో తీశారు. ఏసుగా బ్రయన్ డీకన్ అనే ఇంగ్లిషు నటుడు. తర్వాత తర్వాత 2,000కు పైగా భాషల్లోకి డబ్బింగ్ అయిన సినిమా అది. తెలుగు మాటలతో అది మా ఊరికి 1980ల మొదట్లో వచ్చింది. జీపులో 16 ఎంఎం ప్రొజెక్టరు, వెనక జనరేటరు. వేటవాళ్లుండే పల్లెపాలెం పక్కన ఇసకలో రెండు సరుగుడు బాదులు పాతి తెల్లగుడ్డ కట్టారు. గుడ్డకు ఇటు పెద్దలు, అటు పిల్లలూ ఆలస్యంగా వచ్చినవాళ్లూ. అటు కూర్చున్నవాళ్లకు అంతా కుడిఎడమలై కనపడుతుంది. గాలికి తెర ఊగినప్పుడల్లా యెరూషలేము ఊగేది.

తెరమీద మొదట ఏసు కనపడగానే, “ఈయన గాదు!” అని పిల్లలు అరిచారు. వాళ్ల లెక్కలో ఏసంటే విజయచందరే. అప్పటికే ఆ ముఖం స్థిరపడిపోయింది. పెద్దవాళ్లు కసిరారు. అయినా పెదవులు ఒకచోట, తెలుగు ఒకచోట పోతున్న ఆ తెల్లాయనకు అలవాటుపడ్డానికి జనానికి ఒక రీలు పట్టింది.

రీలు మార్చడానికి కాసేపు ఆపాలి. దీపం వెలుగుతుంది, చుట్ట తిప్పుతారు, ఫిల్మును పళ్లచక్రాల మీదకు ఎక్కిస్తారు. ఆ కాస్త సేపట్లో ఇసకంతా మాటలే. ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. నేను ప్రొజెక్టరు పక్కనే కూర్చున్నాను కాబట్టి రెండుపక్కలా విన్నాను.

పల్లెపాలెంలో అందరూ చర్చికి పోయేవాళ్లు కాదు. గంగమ్మకు మొక్కి వేటకు పోయే ఇళ్లే ఎక్కువ. వాళ్లు సినిమా కోసం వచ్చారు. సీమోను పడవ ఘట్టం రాగానే అందరూ ముందుకు జరిగారు. లూకా అయిదో అధ్యాయంలోని కథ అది. గెన్నేసరెతు సరస్సులో రాత్రంతా వేసినా చేప పడదు. పొద్దున వలలు కడుక్కుంటుంటే ఏసు వచ్చి లోతుకు పోయి వల దించమంటాడు. దించితే వలలు పిగిలిపోయేంత చేప. చర్చిలో ఈ కథ విన్నవాళ్లందరం చేపలు పడ్డాయన్న దగ్గర అబ్బురపడతాం. పల్లెపాలెంవాళ్లు అంతకుముందే ఆగిపోయారు.

“రాత్రి పళ్లేదంటే పగలు పడతయ్యా? అదీ ఒక వడ్రంగాయన చెబితే?” అన్నాడు ఒక కుర్రవాడు.

కారణముంది ఆ మాటకు. నైలాను వలలు అప్పటికి వచ్చేశాయిగాని అక్కడున్న పెద్దవాళ్లంతా నూలు వలలతో బతికినవాళ్లు. తేటనీళ్లలో పగటిపూట నూలు వలను చేప కనిపెట్టి తప్పుకుంటుంది. చీకట్లో కనిపెట్టలేదు. రాత్రివేట అందుకే. రాత్రంతా వేసి, వల కడిగి ఆరేసుకుంటున్నవాడి దగ్గరకు వచ్చి, ఒక్కనాడు తెడ్డుపట్టని మనిషి మళ్లీ వల దించమంటే ఎంత కష్టంగా ఉంటుందో వాళ్లకు తెలుసు.

ఆ కుర్రవాడికి వాళ్ల మామ, అలివివల లాగీలాగీ చేతులు కాయలుకాసిన మనిషి, జవాబు చెప్పాడు: “దించాడు గదరా. చేప పడ్డం ఏముంది, సముద్రం ఇస్తే పడిద్ది. వడ్రంగి చెబితే వేటోడు వల దించాడు చూడు, అదీ ఇచిత్రం.”

ఈ భాగం మీద ఆ తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నానో. చేపల రాశి గురించీ, దీవెన గురించీ చెప్పినవే అన్నీ. తన పనితనం మీద తనకున్న పొగరును పక్కనపెట్టి ఇంకొకరి మాట విన్న పనివాడి కథగా దాన్ని చెప్పింది ఆ ఒక్కడే. బైబిలు చదవనివాడు, ఆ కథను ఆ రాత్రే మొదటిసారి విన్నవాడు. తొలి అభిప్రాయం పచ్చిదని, నలుగురితో చర్చించాకే పక్వానికొస్తుందని అంటారు. నేను ఒప్పుకోను. ఆయన నలభైయేళ్ల వేటను ఆ తెరముందుకు తెచ్చుకుని కూర్చున్నాడు. ఇంక దేనికోసం ఆగాలి?

తర్వాత తుపాను ఘట్టం. పడవలో ఏసు నిద్రపోతుంటాడు, గాలి లేస్తుంది, శిష్యులు లేపుతారు, ఆయన గాలినీ నీళ్లనూ గద్దిస్తాడు, అంతా అణిగిపోతుంది. ఇది చూస్తున్న జనం 1977 నవంబరు 19ని దాటుకుని వచ్చినవాళ్లు. ఆ తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన దివిసీమను ముంచేసింది. పోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మంది దాకా. మా తీరంలో ఆ రాత్రి ఊపిరి బిగబట్టుకుని గడిపినవాళ్లు ఎందరో. తెరమీద అల లేవగానే ఇసకలో గుసగుసలు ఆగిపోయాయి. ఆ రీలు అయిపోయి దీపం వెలిగాక కూడా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకామె, దివిసీమలో పుట్టిల్లున్నామె, బిడ్డను చంకనేసుకుని లేస్తూ అంది: “కసిరితే ఆగిందంట. ఆ రోజు ఎందుకు కసరలా?”

సినిమా తెచ్చినవాళ్లలో ఒకాయన ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా వెళ్లిపోయింది. అది నమ్మకం లేని మాట అని అప్పుడు కొందరు అన్నారు. నాకట్లా తోచలేదు. పడవలో శిష్యులు ఏసును లేపి అడిగింది కూడా ఇంచుమించు ఇదే గదా, మేం చచ్చిపోతుంటే నీకు పట్టదా అని. తెరమీద వాళ్లకు జవాబు దొరికింది. ఈమెకు దొరకలేదు. ఆ తేడాను అంత సూటిగా చెప్పినవాళ్లు నాకు మళ్లీ తగల్లేదు.

సినిమా అయిపోయాక మాదిగపల్లె ఆడవాళ్లు ప్రొజెక్టరు కాడికి వచ్చి అడిగిన ప్రశ్న ఇంకొకటి: “బావికాడి కథ పెట్టలేదేంది?” సమరయ స్త్రీ సంగతి. మధ్యాహ్నం ఎండలో నీళ్లకొచ్చిన అంటరాని ఆడమనిషిని ఏసు దాహమడిగిన కథ. సినిమా లూకాను పట్టుకుని తీశారు, ఆ కథ యోహానులో ఉంది, అందుకని లేదు. జీపువాళ్లు అదే చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఆడవాళ్ల ముఖాలు చిన్నబోయాయి. ఇంతసేపూ ఆ ఒక్క ఘట్టం కోసం కాచుకుని కూర్చున్నట్టున్నారు. బావి చప్టా ఎక్కనివ్వని ఊళ్లలో, ఎవరన్నా పోస్తే దోసిలి పట్టి తాగిన తరాలు వాళ్లవి. వాళ్ల ఇళ్లలో ఏసంటే ముందు ఆ బావిదగ్గర కూర్చున్నాయనే.

కొన్నేళ్లకు, 1985 జులై 17న, కారంచేడు జరిగింది. అక్కడి మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. పెద్దకులంవాళ్లు గొడ్డును కడుగుతూ నీళ్లు పాడుచేస్తుంటే అడ్డుచెప్పినందుకు మర్నాడు మీదపడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి తలదాచుకున్నారు. ఎదురుతిరిగి బిందె ఎత్తిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. పేపర్లో ఆ పేరు చదివినరోజు నాకు మా ఇసకలో అడిగిన ఆ ప్రశ్న చెవుల్లో గింగురుమంది. బావికాడి కథ వాళ్లకు కథ కాదు. అది లేకుండా తీసిన ఏసు సినిమా, ఎన్ని వేల భాషల్లోకి పోయినా, మా పల్లెకు సగం సినిమానే.

ఇప్పుడు సినిమా విడుదలకు ముందే జనాభిప్రాయం తెలుసుకునే పద్ధతులొచ్చాయి. 2004లో వచ్చిన తన ‘ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ను మెల్ గిబ్సన్ విడుదలకు నెలల ముందునుంచే పాస్టర్లను పిలిచి చూపించాడు. 2014లో వచ్చిన ‘నోవా’ను స్టూడియోవాళ్లు భక్తులైన ప్రేక్షకులకు ముందే చూపించి, వాళ్ల అభ్యంతరాలు చూసి, ఇది బైబిలు కథను ఆధారం చేసుకుని అల్లిన సినిమా అని ప్రకటనల్లో వివరణ చేర్చారు. ఖతార్, బహ్రెయిన్, యుఏఈల్లో అసలు విడుదలే కానివ్వలేదు. మన దగ్గర హాలు గుమ్మంలోనే మైకు పెట్టి ఎన్ని మార్కులిస్తారని అడుగుతున్నారు. ఈ అడిగేవాళ్లకు కావలసింది ముందే నిర్ణయమై ఉంటుంది. టికెట్లు తెగుతాయా, గొడవ అవుతుందా అని. చేప గురించో నీళ్ల గురించో ఎవరన్నా మాట్లాడితే ఆ ముక్క కోసేస్తారు. అసలు మాట్లాడే సందే లేదు. డిజిటల్ ప్రొజెక్టర్లకు రీలు మార్చే పనిలేదు. దీపం వెలిగి, పక్కవాడి ముఖం కనపడి, మనసులో ఉన్నది బయటికొచ్చే ఆ వ్యవధి పోయింది.

1978లో ఒంగోలులోనో, 1980ల్లో ఊరి ఇసకలోనో ఈ సినిమాలు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దవాళ్లయ్యారు. ఎవరన్నా టేపు పట్టుకుని గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తిరిగి, బాగుందా అని కాకుండా, మీకు మొదట ఏమనిపించిందని అడిగితే బాగుండునని నా కోరిక. బైబిలును తెలుగువాళ్లు ఎట్లా చదివారన్నదానికి అంతకన్నా మంచి దాఖలా దొరకదు. నేను నాకు తెలిసినవాళ్లను అడుగుతూనే ఉన్నాను.

అట్లా అడిగితేనే బయటపడింది, ఆ రాత్రి నేను వినకుండా పోయిన మాట ఒకటి. పల్లెపాలెంలో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒంగోలు బజారుకు పోయే ఒకామె, ఆ వలల ఘట్టం చూసి పక్కవాళ్లను అడిగిందట: “అంత చేప ఒడ్డునేసి, అన్నీ వదిలేసి ఆయనెంట పోయారే, మరి ఆ సరుకు ఎవరమ్మారు?” చేప పట్టేది మగవాళ్లయినా దాన్ని డబ్బు చేసేది ఆడవాళ్లు. పొద్దెక్కితే కుళ్లిపోయే సరుకు. లూకా దాని ఊసెత్తడు. కానీ సీమోనుకు అత్త ఉందని, ఆమె జ్వరాన్ని ఏసు పోగొట్టాడని అంతకుముందు అధ్యాయంలోనే రాశాడు. అత్త ఉందంటే ఇంట్లో భార్య ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఆమె జాడ దొరుకుతుంది. కేఫా, అంటే ఈ సీమోనే, భార్యను వెంటబెట్టుకుని తిరుగుతున్నాడని.

ఆ ప్రశ్న వేసినామె ఇప్పుడు లేదు. ఆమె కోడలు అదే గంపతో, కాకపోతే ఆటోలో, బజారుకు వస్తుంది. మొన్న ఆమె దగ్గర వంజరం కొంటూ ఈ సంగతంతా చెప్పాను. ముక్కలు కోస్తూ తలెత్తకుండా వింది.

“అయితే అమ్ముకునే పోయిందిలే అన్నా. అంత సరుకు ఏ ఆడది వదిలిపెట్టుద్ది? బాకీలు తీర్చి, ఆ తర్వాత బయల్దేరుంటది,” అంది.